సైరన్ వద్దన్న అమ్మమ్మ

ఆ ఫైర్ స్టేషన్‌లో అడుగుపెట్టీ పెట్టగానే ఆర్కిటెక్ట్ నిలువునా తడిసిపోయాడు.

"అయ్యో, చూసుకోవద్దా!" నీళ్ల పైపు పట్టుకున్న అమ్మాయి అరిచింది. ఆ గొంతులో జాలి కంటే నవ్వే ఎక్కువ.

"లోపలికి వస్తున్నవాణ్ణి తడిపేసి, చూసుకోమంటారా?"

"డ్రిల్ జరుగుతోంది, ఇటు రావద్దని బోర్డు పెట్టాం కదా సార్!"

"నేను బోర్డు వెనకవైపు నుంచి వచ్చాను మేడమ్. అటు ఏమీ రాసి లేదు."

ఆమె వెళ్లి చూసింది. నిజమే. "సరే, సగం తప్పు నాది," అంటూ టవల్ విసిరింది. "కొత్త స్టేషన్ ప్లాన్ గీసేది మీరేనా? నేనే ఇక్కడి స్టేషన్ ఆఫీసర్‌ని."

ఆ తర్వాత ప్లాన్ పేరుతో రోజూ వాదులాటే. అతను ముందంతా అద్దాలు పెడతానన్నాడు.

"ఎవరు తుడుస్తారు? మీరొస్తారా?"

"రోజూ రమ్మంటే వస్తాను."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె విననట్టే డ్రాయింగ్‌లోకి చూసింది. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

కొత్త స్టేషన్ అవసరం చిన్నది కాదు. పోయిన ఏడాది రైల్వే గేటు అవతలి కాలనీలో ఒక ఇల్లు అంటుకుంటే, బండి గేటు దగ్గరే చిక్కుకుపోయింది. చేరేసరికి గోడలే మిగిలాయి. అందుకే ఈసారి గేటుకి అవతలే ఖాళీ స్థలం చూశారు. కాలనీవాళ్లు ఒప్పుకుంటే చాలు.

మీటింగ్‌లో ఒక పెద్దావిడ లేచింది. "పగలూ రాత్రీ ఆ బండి కూస్తుంటే మేం కంటినిండా నిద్రపోవద్దూ? ఇంకెక్కడైనా కట్టుకోండి!"

కాలనీ అంతా తలూపింది. నిర్ణయం వచ్చే వారానికి వాయిదా పడింది.

"ఆవిడ మొండిఘటం!" గొణిగాడు ఆర్కిటెక్ట్.

"మహా మొండి," అంది ఆఫీసర్ గంభీరంగా. "మీరే ఇంటికెళ్లి నచ్చజెప్పండి. అడ్రస్ నేనిస్తాను."

"మీరూ రావచ్చుగా?"

"అమ్మో, నాకు ఆవిడంటే భయం."

స్టేషన్ నమూనా అట్టబొమ్మ చంకన పెట్టుకుని వెళ్లి బెల్ కొట్టాడు. తలుపు తీసింది ఆఫీసరే!

"రండి. మొండిఘటం లోపలుంది. మా అమ్మమ్మ."

అట్టబొమ్మ జారిపోబోయింది.

"నన్ను ఆ మాటన్నది నువ్వేనా?" అడిగింది అమ్మమ్మ.

"అంటే... మర్యాదగానే అన్నానండీ."

"అదెలాగో నాకూ నేర్పు నాయనా."

నవ్వాపుకోలేక ఆఫీసర్ టీ వంకతో వంటింట్లోకి పరిగెత్తింది. అప్పుడు అమ్మమ్మ గొంతు తగ్గించింది.

"నిద్ర సంగతి వట్టిది బాబూ. ఇప్పుడు నా మనవరాలు ఏ మంటల్లోకి వెళ్తోందో నాకు తెలీదు. ఇంటికొచ్చి చెబితే వింటాను. పక్కనే కడితే, సైరన్ మోగిన ప్రతిసారీ నా ప్రాణం దాని వెంట పరిగెత్తాలి."

అతను లేచాడు. బాల్కనీలోకి వెళ్లి ఎదురుగా ఉన్న ఖాళీ స్థలాన్ని చాలాసేపు చూశాడు. లోపలికొచ్చి బల్ల మీద అట్టబొమ్మను నెమ్మదిగా తిప్పాడు.

"బండ్లు ముందు గేటులోంచి వెళ్లి, వెనక గేటులోంచి వస్తాయండీ. ఆ వెనక గేటు మీ వైపు పెడతాను. వెళ్లేటప్పుడు సైరన్ వినబడుతుంది, అది నేను ఆపలేను. కానీ తను తిరిగొచ్చేది అందరికంటే ముందు మీకే కనబడుతుంది."

అమ్మమ్మ బొమ్మ బండిని వేలితో ఆ గేటులోంచి లోపలికి నెట్టింది. "చక్రాలు తిరగవేం?" అని మాత్రం అంది.

మరుసటి వారం మీటింగ్‌లో అందరికంటే ముందు ఎత్తిన చెయ్యి ఆవిడదే. ఆ వెంటే కాలనీ అంతా చేతులెత్తింది.

బయటికి రాగానే అతను ధైర్యం తెచ్చుకుని ఆఫీసర్‌ని ఆపాడు. "మీతో ఒక మాట..."

"డ్రాయింగ్ గురించా?"

"కాదు."

"అద్దాల గురించా?"

"అసలు స్టేషన్ గురించే కాదు!"

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఎక్కడో గోడౌన్‌లో మంటలు. "వచ్చాక చెప్పండి!" అంటూనే పరిగెత్తింది.

కొయ్యబారి నిలబడ్డ అతని చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది అమ్మమ్మ. "రా, ఇంట్లో కూర్చుందాం. ఎదురుచూపులు నాకొక్కదానికేనా? నువ్వూ అలవాటు చేసుకో."

సాయంత్రానికి ఆమె వచ్చింది, చెంప నిండా మసితో. అతనూ అమ్మమ్మా ఒక్కసారే ఊపిరి పీల్చుకున్నారు.

"ఏదో చెప్పాలన్నారు?"

అతను నోరు తెరిచేలోపే అమ్మమ్మ అందుకుంది. "చెప్పేశాడు. నేను సరేనన్నాను. ఇక నీ మాటే మిగిలింది."

"నాకు చెప్పాల్సింది నీకెలా చెప్పాడు అమ్మమ్మా?"

"నువ్వు లేవుగా మరి!"

ఆమె అతని వైపు తిరిగింది. కళ్లలో కొంటెతనం, పెదవి చివర సిగ్గు.

"నాకు మళ్లీ మొదట్నుంచి చెప్పండి. మధ్యలో ఫోన్ మోగితే ఆపకండి, నా వెంట పరిగెత్తుతూ చెప్పండి."

అతను గొంతు సవరించుకున్నాడు. అమ్మమ్మ కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.