ఫోటోలో నీలం చిలక

మోంచా ఎగిరిపోయిన రోజు, నోయేలియా వీధి తలుపు వేయడం మరిచిపోయింది.

మోంచా ఒక చిలక. నోయేలియా వాళ్ల తాతయ్య దాన్ని పెంచారు. మార్చిలో తాతయ్య పోయారు. ఆయన దగ్గు మాత్రం మోంచా దగ్గర ఉండిపోయింది. పొద్దున్నే పంజరంలోంచి ఇంట్లోకి వదలగానే అచ్చం ఆయనలాగే దగ్గేది. తర్వాత, "నోయేలియా, తలుపు వెయ్యవే!" అనేది. అదీ ఆయన గొంతే.

ఇప్పుడు పంజరం ఖాళీ. అడుగున ఒక ఆకుపచ్చ ఈక ఉంది.

"ఏడుస్తూ కూర్చుంటే వస్తుందా? పోస్టర్లు వేద్దాం పద!" అన్నాడు పక్కింటి ఓస్మాన్. వాడిదీ నోయేలియా క్లాసే.

నోయేలియా చటుక్కున లేచింది. నిజమే కదా! వాళ్లమ్మ దిల్సియాకు ఫోటోల కొట్టు ఉంది. లా సేబా ఊళ్లో ఎవరికి గుర్తింపు కార్డు కావాలన్నా, ముందు ఆ కొట్టుకే వస్తారు. అమ్మ ఫోటో తీసి అక్కడికక్కడే ప్రింట్ చేసి ఇస్తుంది. ప్రింటర్ కంపెనీ ఇంకు కాదు. సీసాల్లో దొరికే రీఫిల్ ఇంకు పోస్తుంది.

"అమ్మా, మోంచా ఫోటో ప్రింట్ చేసుకోనా?"

"చేసుకో. పొద్దున వేరే రకం పసుపు ఇంకు పోశాను. ముందు ఒక్కటే తియ్యి. ఆరాక గుమ్మంలో వెలుతురులో చూడు. బాగుంటేనే మిగతావి," అంటూ అమ్మ సంచీ తీసుకుని బజారుకు వెళ్లింది.

"మామూలు కాగితం పెట్టనా?" అన్నాడు ఓస్మాన్.

"ఛీ! మోంచా మెరవద్దూ? ఫోటో పేపర్ పెట్టు!"

ప్రింటర్ కిర్రుకిర్రుమంది. నోయేలియాకు ఆగబుద్ధి కాలేదు. ఒక్కటి కాదు, కట్టంతా తీసేసింది. తడి ఫోటోలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"ఇదేంటే, మోంచా నీలంగా వచ్చింది?"

"తడిగా ఉంది కదరా. ఆరితే పచ్చగా అవుతుంది."

"నిజంగానా?"

"ఫోటోల కొట్టు మాదా, మీదా?"

కొన్ని ఫోటోలు అంటుకుపోయాయి. విడదీస్తే మోంచా ముక్కు సాగిపోయింది. "పోన్లే, దాని ముక్కు పెద్దదేగా," అంది నోయేలియా. ఇద్దరూ పడీపడీ నవ్వారు. బస్టాపు, మందుల షాపు, చేపల బజారు, ఎక్కడ గోడ కనిపిస్తే అక్కడ అంటించారు. కింద అమ్మ ఫోన్ నంబరు రాశారు.

మర్నాడు ఫోను ఒకటే మోత! ఎవరో నీలం పక్షిని చూశామన్నారు. పరుగెత్తి వెళ్తే, కరెంటు తీగకు చిక్కుకున్న ప్లాస్టిక్ సంచీ. ఇంకొకాయన అట్టపెట్టెలో పిచ్చుకంత నీలం పిట్టను తెచ్చాడు. "చిక్కిపోయిందేమో, చూడండి," అన్నాడు పాపం.

సాయంత్రం వీధి మూలమీద రొట్టెలు కాల్చే ఎమెరీతా మామ్మ పిలిచింది.

"ఏమే, మీ నీలం చిలక దొరికిందా? నిన్న మా మామిడిచెట్టు మీద ఒక పచ్చ చిలక వాలింది. ముసలాళ్లలాగా ఒకటే దగ్గు! నా పిండిలో ఎక్కడ దగ్గుతుందోనని చీపురు పుచ్చుకుని తోలేశాను."

మామ్మ ఇచ్చిన రొట్టె నోయేలియా చేతిలో అలాగే ఉండిపోయింది. "మామ్మా, అదే మోంచా!"

"అదెట్లా? మీది నీలం అని ఊరంతా అంటించింది నువ్వేగా?"

నోయేలియా ఇంటికి పరుగెత్తింది.

అమ్మకు జరిగిందంతా చెప్పింది.

"ముందు ఒకటి తీసి చూశావా?"

"లేదమ్మా. నీలంగా ఉందని ఓస్మాన్ చెప్పాడు కూడా. నేనే వినలేదు."

అమ్మ పంజరంలోంచి ఈక తెచ్చి నోయేలియా అరచేతిలో పెట్టింది. "ఆ పసుపు మామూలు కాగితం మీద బాగానే వస్తుంది. ఫోటో పేపర్ మీదే సరిగ్గా పడట్లేదు, అందుకే పచ్చ కాస్తా నీలమైపోయింది. కంప్యూటర్లో నీలం తగ్గించి చూడు. సరైన రంగేదో ఈ ఈకే చెబుతుంది."

మర్నాడు బడి లేదు. నోయేలియా ఒక ఫోటో పేపర్‌ను చిన్న ముక్కలుగా కత్తిరించింది. ఒక ముక్క మీద ప్రింట్ తీసి బల్లమీద పెట్టింది.

"చాల్లే, ఆరిపోయింటుంది," అన్నాడు ఓస్మాన్.

"ఇంకా లేదు. ముట్టుకోకు."

ఆరాక గుమ్మంలోకి తెచ్చి ఈక పక్కన పెట్టింది. ఇంకా నీలమే. నీలం ఇంకాస్త తగ్గించింది. ఈసారి ఎండుటాకులా వచ్చింది. మళ్లీ మార్చింది. మళ్లీ ఆరబెట్టింది. చివరికి ఒక ముక్క మీద ఈకను ఉంచింది.

ఓస్మాన్ వంగి చూశాడు. "ఈక ఏదే?"

"దొరికింది!" నోయేలియా ఎగిరి గంతేసింది. "రంగు దొరికిందిరా!"

అప్పుడు పెద్దవి తీసింది. ఒక్కొక్కటీ విడిగా ఆరబెట్టింది. ఇద్దరూ నీలం పోస్టర్లు పీకేసి, వాటి చోట పచ్చవి అంటించారు. "దగ్గుతుంది" అని కూడా కింద నోయేలియా రాసింది.

మధ్యాహ్నానికి ఫోను వచ్చింది. ఫుట్‌బాల్ మైదానం దగ్గర బాదంచెట్టు మీద పచ్చ చిలక! దగ్గుతోంది!

పరుగో పరుగు. చిటారుకొమ్మన కూర్చుంది మోంచా.

"నేనెక్కేస్తా!" ఓస్మాన్ చెప్పులు విడిచేశాడు.

"ఆగరా. బెదిరిపోతుంది."

అమ్మ పంజరం తెచ్చి తలుపు తెరిచి పెట్టింది. నోయేలియా దాని పక్కన కూర్చుంది. ఒలిచిన అరటిపండు అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపింది. చెయ్యి లాగుతోంది. అయినా దించలేదు.

పైనుంచి దగ్గు వినిపించింది. తర్వాత ఆ గొంతు.

"నోయేలియా, తలుపు వెయ్యవే!"

నోయేలియా భుజంతో కళ్లు తుడుచుకుంది. నవ్వు కూడా వచ్చింది.

"వేస్తా తాతయ్యా. ముందు లోపలికి రా."

మోంచా ఇంకా దిగలేదు.