చూపుచుక్క

పక్క తెప్ప కనకరత్నం మంచినీళ్ళ కొళాయి దగ్గర అందట: "మొగుడు పడవలో గిలగిల్లాడిపోతుంటే ఆ వరాలు పలక ముందేసుకుని సీరియల్ చూసినట్టు చూసిందంటమ్మా! నేను చూళ్ళేదు, ఏడుకొండలు పెళ్ళాం చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలీదు." ఆ మాట కొళాయి దగ్గర్నుంచి రొయ్యల కాటా దగ్గరికి, అక్కణ్ణించి బడి తెప్పకి పాకి, చివరికి కూతురు హాసిని నోటిమీదుగానే వరాలు చెవిన పడింది. అప్పుడు వరాలు బియ్యంలో రాళ్ళేరుతోంది. విని కూడా ఏరుతూనే ఉంది.

సముద్రం లోపలికొచ్చి డెల్టా చివరి ఊళ్ళని మింగేసి రెండు తరాలైంది. ఇప్పుడు ఇళ్ళన్నీ తెప్పలమీదే. చెరువులు పోయాయి, నీళ్ళలో రొయ్యల వలగూళ్ళు వచ్చాయి. మేత వెయ్యడం, మోటార్లు తిప్పడం, బేరం, బడి, పెళ్ళిచూపులు, అన్నీ చేతిలో ఉండే పలక మీదే జరుగుతాయి.

పాతకాలపు టాబ్లెట్లలో స్క్రీన్ రికార్డింగ్ కావాలంటే మీట నొక్కాల్సి వచ్చేది. ఈ పలకకి మీట లేదు. తెర మీద ఏం కదిలినా అదే పట్టుకుని దాచుకుంటుంది. దానికి జనం పెట్టుకున్న పేరు తెరపట్టు. మొదట్లో అందులో ఒక లొసుగుండేది. తెర మీద ఏముందో తెలిసేది కానీ, దాని ముందు మనిషున్నాడో లేదో తెలిసేది కాదు. "నేను చూడలేదు" అన్నవాణ్ణి అబద్ధమాడుతున్నావని అనడానికి ఆధారం దొరికేది కాదు. అందుకని అద్దం వెనక కంటిపాపను వెంబడించే సెన్సార్ పెట్టారు. మనిషి తెర మీద ఎక్కడ చూస్తే తెరపట్టులో అక్కడ ఒక ఆకుపచ్చ చుక్క పడుతుంది. చూపుచుక్క అంటారు దాన్ని. తయారుచేసినవాళ్ళలో ఒకావిడ, డాక్టర్ తన్మయి, ఇవాళ ఈ తెప్పలకే వచ్చింది. తెప్పల సంఘం వాళ్ళు పిలిపించారు.

పిలిపించింది వరాలు గురించే. వరాలు మొగుడు పోతురాజు పట్టపగలు మేతపడవలో గుండె పట్టేసి పోయాడు. అంబులెన్స్ పడవను పిలిచే గుర్తు అతని పలక మీద ఎర్రగా వెలుగుతూనే ఉంది. అతని చూపుచుక్క అటు పోనేలేదు. నొప్పి వచ్చిన మనిషి ముందు ఇంటికి, వరాలు పలకకి, కాల్ చేశాడు. తర్వాత అక్క బేబీ సరోజినికి, ఆ తర్వాత అన్న ఏడుకొండలుకి. ముగ్గురి పలకలూ మోగి మోగి ఆగిపోయాయి. పెద్దకర్మ అయీ అవకముందే బేబీ సరోజిని సంఘం దగ్గరికెళ్ళింది. చూసి కూడా ఎత్తని ఆడదాని దగ్గర తన తమ్ముడి బిడ్డ పెరగడానికి వీల్లేదంది. పిల్లని తనకిప్పించమంది.

తెరపట్టులు అందరికీ కనిపించేలా సంఘం తెప్ప మీద షామియానా కింద తెల్లగుడ్డ కట్టారు. వరాలు ఓ మూల కూర్చుంది. కూతురి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది గానీ, అది తన ఒళ్ళో ఉందన్న ధ్యాస ఉన్నట్టు లేదు.

ముందు వరాలు పలక తెరిచారు. గుడ్డ మీద జడల అల్లికలు వరసగా జరుగుతున్నాయి. వాటిమీదకి పోతురాజు ఫొటో వచ్చి మోగింది. ఆకుపచ్చ చుక్క వెళ్ళి ఆ ఫొటో మీద నిలబడింది. కదల్లేదు. మోగడం ఆగిపోయాక కూడా కాసేపు ఖాళీ జాగాలో అలాగే ఉంది.

"పలకా, చూసిందా?" అంది తన్మయి.

"చూసింది. మోగినంతసేపూ చూసింది," అంది పలక.

 ఆ పూట ఆ ఫొటో చూసి, క్యారేజీ మర్చిపోయి కాల్ చేస్తున్నాడనుకుంది వరాలు. రోజూ మర్చిపోతాడు, రోజూ తెమ్మంటాడు. ఈ ఒక్కరోజు ఆకలికి మాడితే తెలిసొస్తుందనుకుంది. అదంతా చుక్కలో లేదు.

"మాయి కూడా చూసుకోండమ్మా," అంది బేబీ సరోజిని, పలక ముందుకి తోస్తూ. "మాకేం దాపరికం?"

ఆమె తెరపట్టులో చీరల వేలం నడుస్తోంది. పోతురాజు ఫొటో వచ్చింది.

"చూడలేదు," అంది పలక.

ఏడుకొండలు తెరపట్టులో పేకాట. "చూడలేదు," అంది పలక మళ్ళీ.

"విన్నారుగా!" అన్నాడు ఏడుకొండలు. కండువా దులుపుకున్నాడు.

తన్మయి మాత్రం నుదురు చిట్లించి, "ఆ ముక్క నెమ్మదిగా తిప్పు" అంది. గుడ్డ మీద చుక్క మెల్లగా కదిలింది. ఫొటో మీద అలా వాలీ వాలకముందే నిప్పు మీద పడ్డట్టు ఎగిరి, తెర అంచు దాటి మాయమైంది. ఏడుకొండలు చుక్కా అంతే. అదే వైపు, అదే ఎగురుడు.

"ఇదేంటి? మా ల్యాబ్‌లో ఎంతమందితో చేసినా ఇలా రాలేదే!"

సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "అది ఇక్కడ అలవాటమ్మా. మోగిందంటే కళ్ళు తిప్పేస్తాం. చుక్క కాస్త ఆగితేగాని చూసినట్టు లెక్క కాదని మీరే పెట్టారుగా. ఎవరో మొదలెట్టారు, అందరికీ వచ్చేసింది. పిల్లలకైతే అక్షరాలకంటే ముందు వస్తోంది."

"చూడకపోతే ఎవరి నుంచి తప్పించుకోవాలో కంటికెలా తెలుస్తుందండీ?" అంది తన్మయి. ఆ తర్వాత, తనలో తను అనుకున్నట్టు, "ఈవిడొక్కావిడకే ఆ విద్య రాలేదు" అంది.

బేబీ సరోజిని లేచి నిలబడింది. మొహం జేవురించింది. "ఆ చదువులు మాకొద్దమ్మా! పలక చూడలేదంది, అయిపోయింది. ఏమే వరాలూ, కట్టుకున్నదానివి. గుడ్లప్పగించి చూస్తూ కూడా ఎత్తడానికి చెయ్యి రాలేదా నీకు? పిల్లని లేపు. నాతో పంపు."

హాసిని తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. వరాలు గుడ్డ మీద ఆగిపోయిన చుక్కనే చూస్తోంది. మాట మెల్లగా వచ్చింది. అందులో ఏడుపు లేదు, కోపమూ లేదు.

"నేను చూశాను, ఎత్తలేదు. నువ్వు చూశావు, చూడనట్టు తిరిగావు. పిల్ల నా దగ్గరే ఉంటుంది వదినా."