మిగిలిన గుడ్డ

దర్జీలకి ఒక పద్ధతి ఉంది. కొలత ప్రకారం కత్తిరించగా మిగిలిన గుడ్డని మడతపెట్టి, కుట్టిన బట్టతో పాటు కస్టమరుకి ఇచ్చేస్తారు. ఇవ్వనివాడికి దొంగ అని పేరొస్తుంది. మన టైలర్ మాస్టరు ఆ విషయంలో నిప్పు. జేబురుమాలంత ముక్క మిగిలినా "మీ సొమ్ము మీరు తీసుకెళ్లండి" అని చేతిలో పెట్టేవాడు. ఎవరూ తీసుకెళ్లని పీలికల్ని మాత్రం కటింగ్ బల్ల కింద ఒక గోనెసంచిలో పడేసేవాడు.

అందుకే ఆపరేషన్ రోజు స్ట్రెచర్ మీద పడుకుని కూడా ఆ జోకే వేశాడు. బరువు తగ్గడానికి కడుపులో మూడొంతులు కోసి తీసేస్తామని డాక్టరు మరోసారి చెబుతుంటే, "సార్, కత్తిరించగా మిగిలింది మాత్రం మాకిచ్చెయ్యాలి. అది కస్టమరు సొమ్ము" అన్నాడు. నర్సు ఫక్కున నవ్వింది. డాక్టరూ నవ్వి, "అలాగే మాస్టరూ, ఇంటికే పంపిస్తాం" అన్నాడు. ఆ మాట చెవిలో ఉండగానే మత్తు కమ్మింది.

అప్పటిదాకా మాస్టరు మనిషి కాదు, బీరువా. ఇంటి ముందు గదిలో కుట్టు కొట్టు, వెనక వంటిల్లు. మధ్య గుమ్మంలోంచి ఒంటిని పక్కకి తిప్పి నడిచేవాడు. భోజనాల బల్ల దగ్గర ఆయన కూర్చోగానే కుర్చీ కిర్రుమని ఏడ్చేది. "కుర్చీ పలికితే చాలు, నేను కూర గిన్నె దించేస్తాను" అనేది భార్య. ఇక ఆయన తినే చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. చప్పరించడం, జుర్రడం, ఆఖర్న వేళ్లు నాకి "హమ్మా..." అని ఒక నిట్టూర్పు. మోకాళ్లు అరిగి, షుగరు పెరిగి, నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే ఇక కోత తప్పదన్నారు.

ఆసుపత్రిలో పాత పేషెంట్లు కొత్తవాళ్లకి దారి చూపించే గుంపు ఒకటుంది. అక్కడ మాస్టరుకి కండక్టరు దొరికాడు. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషి. అదే ఆపరేషన్ అతనికి ఏళ్ల కిందటే అయింది.

"తమ్ముడూ, నీ కడుపు మొన్నటిదాకా డబుల్ డెక్కరు. ఇప్పుడు ఆటో. ఒక్కొక్కళ్లనే ఎక్కించు. తోసుకుని ఎక్కారో, అందర్నీ బయటికి కక్కేస్తావు. ముందు సీటు గుడ్డుకి, చేపకి, పెరుగుకి. జాగా మిగిలితేనే అన్నం. తిండితో నీళ్లు తాగకు, కాసేపాగి తాగు. ముద్ద నోట్లో పెట్టగానే చెంచా కింద పెట్టెయ్. పళ్లెం వైపు చూడకు, చూస్తే చెయ్యి ఊరుకోదు. తల పక్కకి తిప్పి, పిండయ్యేదాకా నమిలి మింగు. అప్పుడే మళ్లీ చెంచా ముట్టుకో."

"ఇంతేనా అన్నా?"

"ఇంకోటి. చివరి ముద్ద నీది కాదు. కడుపు నిండిందన్న కబురు తలకి ఆలస్యంగా చేరుతుంది. అందుకని చివరిది వదిలెయ్."

"నాది కాకపోతే ఎవరిదన్నా?"

"ఎవరిదైతే నీకెందుకయ్యా? వదిలెయ్!"

మాస్టరు తు.చ. తప్పకుండా పాటించాడు. సూపులూ పలచటి పెరుగూ అయ్యాక మెత్తటి తిండికి వచ్చాడు. ఒళ్లు తగ్గింది. తన ప్యాంట్లన్నీ తనే కుట్లు విప్పి, నడుము తగ్గించి కుట్టుకున్నాడు. ఒక్క ప్యాంటు మాత్రం గుర్తుగా అలాగే కొట్టు గోడకి తగిలించాడు. కుర్చీ పలకడం మానేసింది. ఆకలన్నది మచ్చుకైనా లేదు.

ఒకరోజు చివరి ముద్ద గుడ్డు పళ్లెంలో వదిలి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పళ్లెం ఖాళీగా ఉంది. భార్య చూసి మురిసిపోయింది. "అమ్మయ్య, ఇవాళ మొత్తం తిన్నారు!" అంది. పిల్లి పనేమో అనుకుని ఊరుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత చివరి ముద్దతో ఆగలేదు.

చెంచా కింద పెట్టి, తల తిప్పి, నములుతున్నాడా... ఇటు తిరిగేసరికి పళ్లెంలో సగం లేదు. ఇంకో ముద్ద నమిలి తిరిగేసరికి అసలేమీ లేదు. పళ్లెం మీద తడి. నాకినట్టు తడి.

నియమం మానేసి, పళ్లెం మీంచి చూపు తిప్పకుండా గబగబా తిన్నాడు. రెండో ముద్దకే గుండెల మధ్య గునపం దింపినట్టయింది. సింకు దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాడు. వెనక్కి వచ్చేసరికి పళ్లెం శుభ్రంగా ఉంది. అప్పుడర్థమైంది అతనికి. తను నిదానంగా తినక తప్పదు. అదేదో గానీ, దానికి ఆ బాధ లేదు.

చప్పుడు కూడా వినిపించడం మొదలైంది. తల తిప్పి నములుతుంటే వెనక ఎక్కడో చప్పరింపు... జుర్రడం... ఆఖర్న సన్నగా, తృప్తిగా... "హమ్మా..."

ఆ గొంతు ఎవరిదో మాస్టరుకి ఒకరు చెప్పక్కర్లేదు.

పక్కటెముకలు లెక్కకొచ్చాయి. జుట్టు చేతికొస్తోంది. సూదిలో దారం నాలుగుసార్లకి గానీ ఎక్కడం లేదు. ఆసుపత్రికి వెళితే డాక్టరు మొహం చిట్లించి, "మరీ ఇంత తగ్గకూడదు. తినడం లేదా?" అన్నాడు. మాస్టరు నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "తినకపోవడమేంటండీ! పళ్లెం కడగక్కర్లేనంత శుభ్రంగా తింటున్నారు." కళ్లారా చూసిన మనిషి చెప్పాక ఇక మాస్టరు మాట ఎవరు నమ్ముతారు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత అతనికి ఆ రోజు నవ్వు తెప్పించలేదు.

ఇంటికి వచ్చాక చప్పుడు వెతుక్కుంటూ వెళ్లాడు. కటింగ్ బల్ల కింద గోనెసంచి ఉబ్బి ఉంది. నెలల తరబడి కుట్టుపని సరిగా లేదు. అందులో పీలికలెవరు వేశారు? గట్టిగా మూతి కట్టి, ఈడ్చుకెళ్లి, వీధి మలుపులో చెత్తకుండీ పక్కన పడేసి వచ్చాడు. పొద్దుగూకేలోపు అది మళ్లీ బల్ల కిందే ఉంది.

"నేనే తెచ్చాను" అంది భార్య. "కత్తిరించిన ముక్క పారెయ్యకూడదని మీరే కదా అనేది? అబ్బ, ఏం బరువో!"

చివరికి కండక్టర్ని పిలిచి చెవిలో చెప్పుకున్నాడు. కండక్టరు నవ్వాడు. "ఒక్కడివే తింటే ఇలాంటివే తోస్తాయి తమ్ముడూ. నీతో నేను తింటా పద" అన్నాడు. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరూ చెంచాలు కింద పెట్టారు. ఇద్దరూ తలలు తిప్పి నమలసాగారు.

"చప్పుడు చేస్తూ తినకూడదు తమ్ముడూ."

"నేను కాదన్నా..."

కండక్టరు నమలడం ఆపాడు. చప్పుడు ఆగలేదు. మెల్లిగా ఇటు తిరిగాడు. రెండు పళ్లాలూ ఖాళీ. అతని చూపు గుమ్మం మీదుగా కొట్టు గదిలోకి, అక్కణ్ణించి కటింగ్ బల్ల కిందికి పోయింది. అక్కడేం చూశాడో గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా... ఏం చెయ్యమంటావ్?"

నోట్లో ముద్ద మింగకుండానే లేచి వెళ్లిపోయాడు కండక్టరు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

మాస్టరు బల్ల పట్టుకుని నిలబడి ఏడ్చాడు. చావంటే భయం. నిండు పళ్లెం ముందు ఆకలికి చావడమంటే ఇంకా భయం. ఏ ధైర్యం వచ్చిందో, మెళ్లో టేపు తీసి కటింగ్ బల్ల కింద దూరాడు. సంచి మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. మెత్తగా... పైకి లేచి... కిందికి దిగుతోంది.

చుట్టూ టేపు వేశాడు. వేళ్లు వాటంతటవే అంకె దగ్గర ఆగాయి. చీకట్లో చూడక్కర్లేని కొలత అది. తన పాత నడుము.

పాకుతూ వెనక్కి వచ్చి, మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. ఎప్పుడు కునుకు పట్టిందో తెలీదు. వంటింట్లో పళ్లేల చప్పుడుకి మెలకువ వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తూ కొట్టు దాటాడు. బల్ల కింద సంచి చదునుగా, ఖాళీగా పడి ఉంది. గోడ మీద మేకు ఉంది. దానికి తగిలించిన పెద్ద ప్యాంటు లేదు.

వంటింట్లో భార్య హుషారుగా వడ్డిస్తోంది. బల్ల మీద అతని చిన్న పళ్లెం ఉంది. ఎదురుగా ఇంకోటి. పెద్దది. ఎప్పుడో అటక మీద పెట్టేసిన పాత పళ్లెం.

"అదెందుకు?" అన్నాడు కూర్చుంటూ. గొంతు పీలగా వచ్చింది.

"మీరే కదండీ ఇందాక కొట్లోంచి కేకేశారు, నా పెద్ద పళ్లెం తియ్యమని!" గిన్నె వైపే చూస్తూ అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సంతోషంతో. "ఎన్నాళ్లకి ఆ గొంతు విన్నాను! మళ్లీ మనిషయ్యారు."

"అది నేను కాదు... ఇటు చూడు. నన్ను చూడు..."

ఆమె వినిపించుకోలేదు. అతను కొట్టు గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనకనించి బరువుగా అడుగులు వచ్చాయి. గుమ్మం దగ్గర ఆగాయి. ఒళ్లు పక్కకి తిప్పుకుని దాటినట్టు, ద్వారబంధానికి గుడ్డ రాసుకున్న చప్పుడు.

కళ్లు మూసుకుని చెంచా చేతిలోకి తీసుకున్నాడు. ముద్ద నోటిదాకా పోలేదు.

ఎదుటి కుర్చీ కిర్రుమంది.

"కుర్చీ పలికింది!" అని నవ్వింది భార్య. పెద్ద పళ్లెం నిండా వడ్డించింది. చప్పరింపు మొదలైంది. ముందు పెద్ద పళ్లెంలోంచి, తర్వాత చిన్న పళ్లెంలోంచి. చెంచా కింద పెట్టిన చప్పుడు ఒక్కసారీ రాలేదు.

"ఇంకొంచెం వెయ్యనా అండీ?" అంది, ఎదుటి కుర్చీలోకి ప్రేమగా చూస్తూ.

తర్వాత మాస్టరు ముందున్న చిన్న పళ్లెం తీసింది. ఖాళీ కుర్చీ ముందు నుంచి తీసినట్టే తీసి, సింకు దగ్గరికి పట్టుకెళ్లింది.

అందులో ఒకే ఒక్క ముద్ద మిగిలి ఉంది. ఈసారి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.