తెల్ల బల్ల మీద పిండి డబ్బా

గుమ్మం బయట సుభద్రమ్మ చెప్పులు కనబడగానే హేమ గుండె ఝల్లుమంది. శనివారం ఒంటిపూట బడి. ఎండలో గెంతుకుంటూ వచ్చిన పిల్ల కాస్తా మెట్టు మీదే ఆగిపోయింది.

సుభద్రమ్మ ఇంటి ఓనరు. సత్యనారాయణపేటలోని ఆ ఇంట్లో తను కింద ఉంటూ, మేడ మీది వాటాను హేమ వాళ్ళకు అద్దెకిచ్చింది. ఊరికే పైకి ఎక్కే మనిషి కాదు. మరి ఇవాళ ఎందుకొచ్చినట్టు?

హేమ తలుపు పక్కన నిలబడి చెవులు రిక్కించింది.

"తోడుకు ఇంత పెరుగు ఉండాదేమోనని వచ్చినా ప్రసన్నా," అంటోంది సుభద్రమ్మ.

'పెరుగా? వాళ్ళ ఫ్రిజ్ నిండా పెరుగే కదా!' అనుకుంది హేమ. అనుమానం ఇంకా పెరిగింది. లోపలికి తొంగి చూసింది.

అమ్మ గిన్నెలో పెరుగు వేస్తోంది. సుభద్రమ్మ మాత్రం పొయ్యి పక్కనున్న తెల్లటి బల్లను చూస్తోంది. కొత్తగా చెక్కతో చేయించి, పైన సన్‌మైకా వేయించిన బల్ల అది. ఇల్లు ఇచ్చిన రోజే చెప్పింది, వేడి గిన్నెలు నల్ల బండ మీద పెట్టుకోండి, నా తెల్ల బల్ల జోలికి మాత్రం పోవద్దండి అని.

"బల్ల బాగానే పెట్టుకున్నారు. ఈ డబ్బా ఏంది, ఈడ అడ్డంగా?" అంటూ సుభద్రమ్మ జొన్నపిండి డబ్బా మీద చెయ్యి వేసింది.

"ఆంటీ! కింద మీ ఫోన్ మోగుతాంది!" హేమ ఒక్క అరుపు అరిచింది.

సుభద్రమ్మ చెయ్యి ఆగింది. హేమను ఎగాదిగా చూసింది. పెరుగు గిన్నె తీసుకుని కిందికి దిగిపోయింది.

ఆ డబ్బా కింద ఏముందో హేమకు ఒక్కదానికే తెలుసు. తనైతే అలాగే అనుకుంది.

పోయిన వారం అమ్మ కొట్టుకు వెళ్ళినప్పుడు హేమ మిగిలిపోయిన జొన్నరొట్టెను పెనం మీద కరకరలాడేలా కాల్చుకుంది. పొయ్యి ఆర్పేసరికి పెనం పొగలు కక్కుతోంది. దేశనూరులో ఉండే నానమ్మ సరోజినీదేవి మాట గుర్తొచ్చింది. "ఖాళీ పెనం పొయ్యి మీద వదలకూడదే. వేడి పెనం మీద నీళ్ళూ పోయకూడదు. ఇంటికి మంచిది కాదు" అనేది నానమ్మ.

ఇంటికి మంచి చేద్దామని హేమ పట్టకారుతో పెనం దించింది. నల్ల బండ నిండా గిన్నెలున్నాయి. దించిన పెనం తెల్ల బల్ల మీద పెట్టింది.

చిటచిటమని చప్పుడు. కాలిన వాసన. పెనం తీసి చూస్తే సన్‌మైకా అప్పడంలా ఉబ్బి, చుట్టూ గోధుమరంగు వలయం పడింది.

హేమ దాని మీద టూత్‌పేస్ట్ రుద్దింది. కొబ్బరినూనె రాసింది. నిమ్మచెక్కతో తోమింది. బల్ల ఘుమఘుమలాడింది కానీ మచ్చ ఇసుమంతైనా తగ్గలేదు. చివరికి అలమరలోంచి జొన్నపిండి డబ్బా తెచ్చి దాని మీద కూర్చోబెట్టింది.

అప్పటి నుంచి హేమకు అందరి మీదా అనుమానమే. అమ్మ వంటింట్లోకి వెళితే అనుమానం. నాన్న హరిబాబు మంచినీళ్ళకని అటు వెళ్ళినా అనుమానం. అందరికంటే ఎక్కువ అనుమానం పక్కీరమ్మ మీద.

పక్కీరమ్మ వారానికి రెండు మూడుసార్లు వచ్చి రొట్టెలు కొట్టి వెళుతుంది. హేమ వాళ్ళది అన్నం తినే ఇల్లు. జొన్నరొట్టె అంటే అందరికీ ప్రాణమే, కొట్టడం మాత్రం ఒక్కరికీ చేతకాదు. అమ్మ చేస్తే అంచులు చీలిపోతాయి.

ఆదివారం పొద్దున పక్కీరమ్మ వచ్చింది. హేమ తలుపు చాటు నుంచి చూస్తూ నిలబడింది. పక్కీరమ్మ పిండి కోసం డబ్బా ఎత్తింది. మచ్చ వైపు చూసింది. అటూ ఇటూ చూసి, పిండి తీసుకుని, డబ్బాను మళ్ళీ సరిగ్గా మచ్చ మీదే పెట్టేసింది.

ఈ అవ్వకు తెలుసు! తెలిసీ ఎందుకు చెప్పలేదు? మనసులో ఏం పెట్టుకుంది?

"రా తల్లీ, మొదటి రొట్టె నీకే," పక్కీరమ్మ వెన్న రాసిన రొట్టె చేతికిచ్చింది. హేమ రొట్టెను కూడా అనుమానంగానే చూసింది.

అంతలో అమ్మ గుడ్డ తీసుకుని బల్ల తుడవబోయింది.

"నేను తుడుస్తా, నువ్వు కూకోమ్మా," పక్కీరమ్మ గబుక్కున అడ్డం వచ్చింది.

"పర్లేదులే పక్కీరమ్మా," అంటూ అమ్మ డబ్బా ఎత్తేసింది.

అమ్మ మచ్చను చూసింది. తర్వాత పక్కీరమ్మ చేతిలోని పెనాన్ని చూసింది.

"ఏంటిది పక్కీరమ్మా?"

పక్కీరమ్మ పెనం దించి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నా చేతి తప్పేనమ్మా. మొన్ననే చూసినా. కండ్లు సరిగా కానరావడం లేదు. పెనం యాడ పెడ్తాండానో నాకే తెలీకుండా పోతాండాది. చెప్తే ఇంక రావద్దంటావేమోనని బయమైంది. అందుకే డబ్బా దాని మీదే పెడ్తా వచ్చినా."

హేమ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. అవ్వ కూడా దాస్తోందా? తను చెయ్యని తప్పును?

అమ్మ నిట్టూర్చింది. "సుభద్రమ్మగారికి నేనేం చెప్పను? కళ్ళు కనబడనప్పుడు నిప్పు దగ్గర పనంటే నీకూ ప్రమాదమే. ఇంక రొట్టెలు వద్దులే పక్కీరమ్మా."

పక్కీరమ్మ తన రెండు అరచేతులను కళ్ళ దగ్గరగా పెట్టుకుని, పరీక్షగా చూసుకుంది.

ఎవరూ హేమ వైపు చూడటం లేదు. ఎవరికీ ఆమె మీద అనుమానం లేదు. నోరు మూసుకుంటే చాలు, గండం గడిచినట్టే. కానీ అవ్వ అలా చేతులు చూసుకుంటుంటే హేమకు ఏడుపొచ్చింది.

"నీ కండ్లు బాగానే ఉండాయి అవ్వా!" అంది గట్టిగా. "పెనం పెట్టింది నేను. అమ్మ కొట్టుకు పోయినప్పుడు."

పక్కీరమ్మ నమ్మనట్టు చూసింది. "నిజమా తల్లీ? నా కండ్లకేం కాలేదా?"

"ఏం కాలేదవ్వా. నాదే తప్పు."

"దేవరే!" పక్కీరమ్మ నవ్వింది, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. "గుడ్డిదాన్నైపోతాండా అనుకొని నిద్రే పట్టలేదే నాకు!"

అమ్మ మాత్రం నవ్వలేదు. "పక్కీరమ్మా, తొందరపడి అనేశాను. నువ్వు మానొద్దు," అని, హేమ వైపు తిరిగింది. "సుభద్రమ్మగారికి..."

"నేనే చెప్తానమ్మా," అంది హేమ. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

సుభద్రమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆంటీ, నిన్న మీ ఫోన్ మోగలేదు."

"తెలుసులే. ఫోను నా నడుముకే ఉన్నింది," అంది సుభద్రమ్మ తల ఎత్తకుండా. "ఈ పిల్ల ఎందుకిట్ల చెప్పిందా అని అప్పుట్నించి ఒకటే అనుమానం నాకు."

"పైకి రండి ఆంటీ. ఆ డబ్బా నేనే తీసి చూపిస్తా."