క్రోమేట్ ట్యాంకు దగ్గర

"తాకొద్దు!"

అమల అరుపుకి షెడ్డులో అందరూ తిరిగి చూశారు. ఆరబెట్టిన ముక్కల వైపు చెయ్యి చాచిన కుర్రాడు అలాగే బిగుసుకుపోయాడు.

"తాకలేదండీ. సూస్తా ఉండా, అంతే."

"చూసేది కండ్లతో. చేతుల్తో కాదు. ఇప్పుడే ట్యాంకులోంచి తీసినాం. పైన పొర ఇంకా పచ్చిగా ఉండాది. మీ వేలు తగిలితే లేచిపోతాది."

"అల్యూమినియం అన్నారు. బంగారం మాదిరి మెరస్తా ఉంటే ఆశ పుట్టింది మేడమ్."

"ఆశ పుడితే గ్లౌజులు వేసుకోండి."

అతను దయానంద్. పుత్తూరువాడు. చెన్నైలో విమానాల విడిభాగాలు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజినీరు. తమ ముక్కలకు పూత సరిగ్గా పడుతోందో లేదో చూడడానికి వచ్చాడు. రేణిగుంట దాటాక ఉన్న ఆ చిన్న యూనిట్‌లో అమల కెమిస్టు. అల్యూమినియం ముక్కల్ని క్రోమేట్ అనే రసాయనంలో ముంచి, గాలికీ తేమకీ పాడవకుండా కాపాడే పలుచని పొర తెప్పించడం అక్కడి పని.

ఆ తర్వాత దయానంద్ వారం వారం వచ్చాడు. అంత తరచుగా రావాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

"ఈ ముక్క మీద మచ్చ ఉండాది మేడమ్."

"అది మీ గాగుల్స్ మీద మచ్చ. తుడుచుకోండి."

నవ్వుకునేవాళ్ళు. కానీ క్రోమేట్ ట్యాంకు దగ్గరికి వెళ్తే అమల నవ్వు ఆగిపోయేది. పసుపు కలిపిన నీళ్ళలా అమాయకంగా కనిపించే ఆ ద్రవం ఎంత విషమో ఆమెకు తెలుసు. ఈ ఉద్యోగం మానెయ్యమని నాయన రాజారత్నం రోజూ పోరేవాడు. రోజూ ఆమెకూ భయం వేసేది. అయినా వచ్చేది.

ఒకసారి ఆ మాట దయానంద్‌తో అంటే, "భయం ఉండేవాళ్ళే ఈడ ఉండాల. నాకు లేదు, నేనే ఉండకూడదు," అన్నాడు.

కార్తీకమాసం వాన. పొద్దుటి నుంచీ కరెంటు లేదు. జనరేటర్ మీదే పూత పని నడుస్తోంది. తేమకి గాగుల్స్ అద్దాలు పొగమంచు పట్టినట్టు మసకబారుతున్నాయి.

ట్యాంకు పక్కన నిలబడిన దయానంద్ వాటిని నుదుటి మీదికి తోసేశాడు.

"పెట్టుకోండి సార్."

"వీటిల్లోంచి మీరు మసగ్గా కనబడతా ఉండారు మేడమ్. ఇట్లయితే బాగా కనబడతా ఉండారు."

అమలకు నవ్వొచ్చింది. తిట్టాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

అప్పుడే పైన బరువులెత్తే హాయిస్టు కొక్కెం జారింది. ముక్కల బుట్ట ధభాలున ట్యాంకులో పడింది. పసుపు నీళ్ళు పైకి లేచాయి.

దయానంద్ రెండు చేతులతో మొహం మూసుకుని కుప్పకూలాడు.

అమల అతన్ని చొక్కా పట్టి, కళ్ళు కడిగే ఐవాష్ కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. మీట నొక్కి, అతని తల నీటిధార కిందికి వంచి, గ్లౌజులు మార్చుకున్న వేళ్ళతో రెప్పలు విప్పి పట్టుకుంది.

"మూయొద్దు! కండ్లు మూయొద్దు!"

"మంట... అమలా, మంట!"

మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. అలా పిలవాలని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. ఇలా మాత్రం కాదు.

ధార సన్నబడింది. పైన నీళ్ళ ట్యాంకు ఖాళీ అవుతోంది; పొద్దుటి నుంచీ మోటారు వెయ్యలేదు. అమల తల తిప్పి కేకేసింది.

"మునిచంద్రన్నా! తాగేనీళ్ళ క్యాన్లు తే! బిరిన రా!"

సూపర్‌వైజర్ మునిచంద్ర క్యాన్లు దొర్లించుకుంటూ వచ్చాడు. ఆయన నీళ్ళు పోస్తుంటే ఆమె రెప్పలు వదల్లేదు. యూనిట్ వ్యాన్ ఎక్కాక కూడా, తిరుపతి దారి పొడుగునా, ఒడిలో అతని తల పెట్టుకుని పోస్తూనే ఉంది. దారి మీద మోకాళ్ళ లోతు వాననీళ్ళు. వ్యాన్ నిలబడిపోయిన ప్రతిసారీ క్యాన్‌లో నీళ్ళు ఎంత మిగిలాయో చూసుకుంది.

"అమలా, అప్పుడే చీకటి పడిందా?"

అది మిట్టమధ్యాహ్నం. ఆమె ఇంకో క్యాన్ మూత విప్పింది.

ఆసుపత్రిలో మళ్ళీ కడిగి, మందు వేసి, రెండు కళ్ళకీ కట్టు కట్టారు. మర్నాడు విప్పితే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

పుత్తూరు నుంచి అతని తల్లి కృపారాణి తడిసిన చీరతోనే వచ్చింది.

"అమల అంటే నువ్వేనా పాపా?"

"నా వల్లే ఆంటీ. అద్దాలు తీసినప్పుడు తిట్టకుండా నవ్వినా."

"పుట్టినకాడ్నుంచి తిడతా ఉండా, నా మాటే ఇన్లేదు వాడు. నువ్వు తిడితే ఇనేటోడా?" అని ఆమె అమల తల నిమిరింది. ఆ చెయ్యి మంచులా ఉంది. బెంచీ మీద ఇద్దరూ ఆనుకుని కూర్చుని ప్రార్థన చేశారు. ఒకరి మాటలు ఒకరికి వినబడలేదు.

తెల్లారాక కృపారాణి కాఫీ తేవడానికి వెళ్ళింది.

"అమలా, నువ్వు ఇంటికి పో," అన్నాడు దయానంద్.

"ఎందుకు?"

"కట్టు ఇప్పినాక కనబడకుంటే... నీ మొగంలో జాలి నాకు కనబడదులే. గొంతులో ఇనబడతాది. దాన్ని తట్టుకోలేను." కట్టు అంచు తడుముకున్నాడు. "నిన్ను ఒకటి అడగాలనుకుంటి. సూపొస్తే అడుగుతా. లేకుంటే లేదు."

"ఇప్పుడే అడుగు."

"వద్దు."

"డాక్టరమ్మ రాకముందే అడుగు దయా. ఆమె వచ్చినాక చూపు పోయిందంటే, నేను చెప్పేది జాలి అనుకుంటావు. వచ్చిందంటే, అందుకే ఒప్పుకుందనుకుంటావు. నాకూ భయంగానే ఉండాది. నువ్వెట్లున్నా ఒకటే జవాబు. అడుగు."

అతను ఆమె గొంతు వినబడిన వైపు తిరిగాడు.

"నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటా."

గది గుమ్మంలో కాఫీ గ్లాసులతో కృపారాణి నిలబడిపోయింది. వెనకాలే డాక్టరమ్మ వచ్చింది.

ఆమె కట్టు ఒక్కో చుట్టు విప్పింది. దయానంద్ మెల్లగా రెప్పలు ఎత్తాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమన్నా కనబడతోందా?" అని అడిగింది డాక్టరమ్మ.

అతను రెప్పలు ఆర్చి ఆర్చి చూశాడు. అమల మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

"ఎవరో ఏడస్తా కనబడతా ఉండారు," అన్నాడు చివరికి.

"ఎవరు?"

"ఇద్దురు. ఒకరు మా యమ్మ."

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "కుడికన్ను కొన్నాళ్ళు మసగ్గా ఉంటుంది. నయమవుతుంది. వెంటనే అంతసేపు కడగబట్టి కళ్ళు దక్కాయి," అంది.

కృపారాణి గ్లాసులు కింద పెట్టి, అమల చేతిని తీసి కొడుకు చేతిలో ఉంచింది.

"మీ నాయనతో నేను మాట్లాడతా పాపా," అంది.

డాక్టరమ్మ మళ్ళీ కళ్ళలో మందు వేసింది. మంట ఆగేదాకా దయానంద్ అమల చెయ్యి వదల్లేదు. ఆగాక కూడా వదల్లేదు.