తుమ్ముకు బదులు

ఆ నిఘంటువు ఆఫీసులో రెండు గదుల మధ్య ఒక గోడ, గోడకో చిన్న కిటికీ. ఇంగ్లీషు మాట ఉన్న కార్డు మీద అమ్మాయి అర్థం రాసి కిటికీలోంచి అందిస్తే, అవతలి గదిలో అబ్బాయి కార్డు వెనక వాడుక వాక్యం రాయాలి. ఆరు నెలలుగా ఆ సిరా మరకల వేళ్లనే చూశాడు తప్ప, తలెత్తి ముఖం చూసే ధైర్యం చేయలేదు పిచ్చి సన్నాసి. ఆ వేళ్లు కనిపించినప్పుడల్లా సీలింగు ఫ్యాను కరెంటు లేకుండానే తిరిగేదని ప్యూను నేటికీ ఒట్టేసి చెబుతాడు.

వాన పడుతున్న ఓ మధ్యాహ్నం కిటికీలో వేళ్లకు బదులు ముఖమే వచ్చింది, కోపంగా.

“‘ఎటికెట్’కు నేను ‘నలుగురిలో పాటించే మర్యాద’ అని రాశాను. మీరేం రాశారండీ?”

“వాడుక.”

“‘పక్కగది మనిషి తుమ్మితే ఒక్క మాటైనా అనడం ఎటికెట్.’ ఇది వాడుకా, నా మీద పిటిషనా?”

“ఆరు నెలలుగా తుమ్ముతున్నానండి,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“ఐతే డాక్టరుకు చూపించుకోండి.”

కిటికీ మూసుకుంది. మూసుకునే ముందు చిన్న నవ్వొకటి ఇవతల జారిపడింది. దాన్ని ఏరుకుని వాడు సాయంత్రం దాకా ఆ వానలోనే తేలాడు.

ఇక కార్డులు మాట్లాడుకోసాగాయి. ‘ఎక్స్‌క్యూజ్ మీ’ వెనక “కిటికీ కాస్త తెరిచి ఉంచుతారా?” అని రాస్తే, మర్నాడు తెరిచే ఉంది. ‘కాంప్లిమెంట్’ వెనక ఆమె ఆకుపచ్చ గొడుగును మెచ్చుకున్నాడు. ఎండ కాసిన రోజున కూడా ఆ గొడుగే వచ్చింది.

ఇంతలో కబురు తెలిసింది. మర్యాద మాటల విభాగం శనివారంతో సరి. ఆ తర్వాత అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగం. మిగిలింది ఒకే మాట, ‘ప్రపోజ్’.

దానికి వాడు రెండు వాక్యాలు రెండు కార్డుల మీద రాశాడు. పద్ధతిగా రాసింది సంపాదకుడి ట్రేలోకి, మనసులోది జేబులోకి వేశాననుకున్నాడు. ఇంటికెళ్లి చూసుకుంటే, పద్ధతైనది జేబులో ఉంది.

ఆ సంపాదకుడు అమ్మాయికి సొంత పెదనాన్న. ఒక్క మాట ఎక్కువైనా కోసేస్తాడని ఆఫీసంతా ‘కత్తెర’ అంటారు. శనివారం ఇద్దర్నీ పిలిచి, పైకి చదివాడు.

“‘గోడ అవతలి అమ్మాయిని నన్ను పెళ్లాడమని అడగాలని ఉంది, కానీ నేను తగుదునో లేదో, ఆవిడ ఏమనుకుంటుందో.’”



“వాక్యం పొడుగైంది.” కత్తెర ఎర్ర పెన్సిలుతో ‘కానీ’ నుంచి చివరిదాకా కొట్టేశాడు. “ఇప్పుడు సరిపోయింది. ఏమే, నువ్వేమంటావు?”

“రాత బాగానే ఉంది పెదనాన్నా. నోటితో అనలేనిది వాడుకెలా అవుతుంది? అనమనండి.”

బయట కురుస్తున్న వాన కూడా కాసేపు ఆగి చెవొగ్గింది.

“మీరు నన్ను పెళ్లి...” అనబోయాడు. తుమ్మొచ్చింది. ట్రేలో కార్డులన్నీ లేచి, పావురాల్లా గది చుట్టూ ఓ చక్కరు కొట్టి దిగాయంటే నమ్మాలి మీరు.

భుజం మీద వాలిన కార్డును తీసుకుంటూ ఆమె మెల్లగా అంది.

“నూరేళ్లు బతకండి.” కార్డును ట్రేలో పెట్టింది. “అన్నేళ్లు ఒక్కరే ఏం చేస్తారు, నేనూ ఉంటాలెండి.”