మళ్లీ అరిగిన క్లచ్చి

కళ్లాపి చల్లడానికి వాకిట్లోకి వచ్చిన సావిత్రి, కారు షెడ్డు ముందు గొంతుక్కూర్చున్న భర్తను చూసి ఆగిపోయింది. ఉమాపతి తలుపు కింద నేల మీద పరిచిన బూడిదను పరీక్షగా చూస్తున్నాడు. నిన్న సాయంత్రం పొయ్యిలోంచి తీసి తనే అక్కడ చల్లాడు. ఎవరైనా తలుపు తీస్తే అడుగు పడాలి. పిల్లి అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

"ఏటి సూత్తన్నారు?" అని అడిగింది.

"ఏం లేదు. నీ పని సూసుకో."

"మనింట్లో మనమే బూడిద సల్లుకోడమేటండీ? తోటికోడలు కళావతి సూసిందంటే ఏటనుకుంటాది?"

"అనుకోనీ. తప్పు సేసినోల్లకే బాధ," అన్నాడు ఉమాపతి లేస్తూ. మొలతాడుకు కట్టుకున్న కారు తాళం ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాడు.

జలంత్రకోటలో ఆ అన్నదమ్ములకు కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్నాయి. తండ్రి పోయాక ఉమాపతే తమ్ముడు పాపారావును పెంచి, పెళ్లి చేశాడు. ఇద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద సాగుతున్నాయి. కొబ్బరి బేరాలకు పలాస వెళ్లి రావడానికని ఒక పాత నల్లకారు కొన్నారు. ఉమాపతి ముందు నడపడం నేర్చుకుని, తర్వాత తమ్ముడికి నేర్పాడు. నడపడం అన్నదైతే, ఇంజను విప్పి బిగించడం తమ్ముడిది. యుద్ధం రోజుల్లో మిలటరీ లారీల దగ్గర పనిచేసి వచ్చిన పాపారావుకు ఆ పని బాగా వచ్చు.

గొడవ వానాకాలం ముందు మొదలైంది. కారు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గోలపెట్టేది కానీ చక్రం తిరిగేది కాదు. క్లచ్చి ప్లేటు అరిగిపోయిందని పాపారావు చెప్పి, విశాఖపట్నం నుంచి కొత్తది తెప్పించి వేశాడు. ఏళ్ల తరబడి రావలసిన ప్లేటు అంత తొందరగా ఎందుకు పోయిందో అతనికీ అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే కొబ్బరి వర్తకుడు ధర్మారావు, "మీ కారు టెక్కలిలో పెళ్లోరి ఇంటి కాడ సూసినట్టున్నాను బావా, అద్దెకి తిప్పుతన్నారా ఏటి?" అని మాటవరసకు అడిగాడు. ఆ మాట ఉమాపతి మనసులో నాటుకుపోయింది. తమ్ముడిని అడగలేదు. ఆ రోజు నుంచి తాళం తన మొలతాడుకు కట్టుకున్నాడు. కారు తను తప్ప ఎవరూ ముట్టుకోకుండా చూసుకున్నాడు.

ఆ ఉదయం కాఫీ తాగి ఉమాపతి ఒక్కడే పలాస బయలుదేరాడు. మందస దారిలో ఎత్తు దగ్గర కారు మళ్లీ అదే రోగం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా ఇంజను అరవడమే తప్ప బండి ముందుకు పోలేదు. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. చివరకు దారిన పోయే ఎడ్లబండి వాడిని బతిమాలి, తాళ్లతో కట్టించి లాగించుకుంటూ ఇంటికి చేరాడు. ఊళ్లో జనం అరుగుల మీద నుంచి చూశారు.

పాపారావు కారెక్కి చేతిబ్రేకు లాగాడు. పై గేరు వేసి, ఇంజనును కాస్త రేపి, క్లచ్చి వదిలాడు. క్లచ్చి బాగుంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆగలేదు. ఏమీ పట్టనట్టు తిరుగుతూనే ఉంది.

"మల్లీ ప్లేటే అన్నయ్యా," అన్నాడు దిగుతూ. "గేరుపెట్టె దింపాల."

"దింపు," అన్నాడు ఉమాపతి. "నేనిక్కడే కూకుంటాను."

పడకకుర్చీ తెప్పించుకుని షెడ్డులోనే కూర్చున్నాడు. తమ్ముడు విప్పిన ప్రతి బోల్టునూ చూస్తూ ఉన్నాడు. ఇదివరకు పాపారావు పని చేస్తుంటే పానాలు అందిస్తూ కబుర్లు చెప్పేవాడు. ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాపారావు మట్టిలో వెల్లకిలా పడుకుని గేరుపెట్టెను దుంగల మీదికి దించుకుంటుంటే, పక్కన మనిషి ఉండీ లేనట్టే అయింది.

ప్లేటు బయటికి వచ్చింది. దాని మీది లైనింగు పొర రివెట్ల దాకా అరిగి, నల్లగా మాడి ఉంది. నూనె కారి జారిందనుకోవడానికి తడి ఎక్కడా లేదు. పాపారావు దాన్ని పక్కన పెట్టి, వెనకనున్న చిన్న బేరింగును చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురులోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. అదీ సగానికి పైగా అరిగిపోయింది. అతని ముఖం మారింది.

ప్లేటు అరగడానికి కారణాలు చాలా ఉంటాయి. బరువులు లాగినా అరుగుతుంది, ఇసుకలో తిప్పినా అరుగుతుంది, పెడలు మీద కాలు ఆనించి ఉంచినా అరుగుతుంది. కానీ ఆ బేరింగు క్లచ్చి పెడలు తొక్కినప్పుడే రాసుకుంటుంది. కాలు తీసేస్తే దానికి పనే లేదు. అది ఇలా అరిగిందంటే, బండి నడిచినంతసేపూ ఎవరిదో కాలు పెడలు మీదే ఉందన్నమాట. తాళం ఉన్నది ఒక్కరి దగ్గరే.

"ఏటది?" అన్నాడు ఉమాపతి.

"బేరింగు. ఇదీ పోనాది." నేల వైపు చూస్తూ అన్నాడు. "అన్నయ్యా, నడిపినప్పుడు కాలు పెడలు మీద ఉంచుతన్నావేటి?"

ఉమాపతి కుర్చీలోంచి లేచాడు. "నీకు నడపడం నేర్పింది నేను. గేరు మార్చీగానే కాలు తియ్యరా అని నీ తొడ మీద కొట్టి నేర్పినాను. ఇప్పుడు నువ్వు నాకు సెప్తన్నావా?"

"కోపమొద్దు. అడిగినానంతే."

"అడగడం కాదిది. తప్పు నా మీదకి తోసెయ్యడం. మారుతాళం ఎక్కడ సేయించినావు? టెక్కలిలోనా, సోంపేటలోనా?"

పాపారావు చేతిలోని బేరింగును మెల్లగా దుంగ మీద పెట్టాడు. చేతులకంటిన మసి గుడ్డతో తుడుచుకున్నాడు. మాట్లాడకపోవడమే తప్పు ఒప్పుకోవడమని ఉమాపతికి అనిపించింది.

"ఆదివారం ధర్మారావుని, ఇంకో ఇద్దరు పెద్దోల్లని రమ్మంటాను. ఎవరి తోటలు ఆల్లు సూసుకుందాం. అనుమానంతో ఒక కంచం కాడ కూకోలేను నేను," అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆ మాటతో ఇల్లు రెండుగా చీలిపోయినట్టయింది. పాపారావు భార్య కళావతి వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండబట్టలేక భర్తతో అంది. "తాళం ఆయన మొలకే ఉంది. పలాసలో ఎవరికి కారిత్తన్నారో ఏటో. నింద మాత్రం మన నెత్తిన ఎయ్యాలా?"

"నోరు ముయ్యి. అన్నయ్య అలాటోడు కాదు."

"మరి నువ్వు అలాటోడివని ఆయన అంటన్నారు కదా."

పాపారావు లేచి షెడ్డుకు వెళ్లాడు. ముందుసారి అదనంగా తెప్పించి ఉంచిన లైనింగును ప్లేటుకు రివెట్లు కొట్టి బిగించాడు. కొత్త బేరింగు వేశాడు. గేరుపెట్టె ఎక్కించి, పెడలుకు ఉండవలసిన వదులు ఉందో లేదో వేలితో నొక్కి మళ్లీ మళ్లీ చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉండడమే అతన్ని బాధపెట్టింది. యంత్రంలో తప్పు దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

ఆదివారం పొద్దున్న కళావతి తోటికోడలి దగ్గరికి వచ్చి, బేరింగు సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. "మా ఆయన సెప్పొద్దన్నారక్కా. బావగారు మాట పడాల్సి వత్తాదని ఊరుకున్నారు. కానీ ఇల్లు ఇడిపోతంటే నేనెలా ఊరుకోను?"

సావిత్రికీ ఒక అనుమానం లోపల మెదులుతోంది. అది కారు దొంగచాటుగా తిప్పడం గురించి కాదు. ఈ మధ్య భర్త ఒక చెప్పు వాకిట్లో, ఒక చెప్పు కాలికి ఉండగా ఇంట్లోకి వస్తున్నాడు. అడిగితే, విడిచానుకున్నాను అంటున్నాడు. కుండలో నీళ్లన్నీ ఆయనే తాగేస్తున్నాడు. మనిషి చిక్కిపోయాడు. మనసు బాగోక అలా ఉన్నాడనుకుంది.

లేచి నేరుగా భర్త దగ్గరికి వెళ్లింది. "పెద్దోల్లు వచ్చీలోగా ఒకసారి కారు నడపండి. మరిది పక్కన కూకుంటాడు, నేను ఎనకాల కూకుంటాను. తప్పు మీ కాలిదో కాదో తేలిపోవాల."

"నువ్వూ నన్ను అనుమానిత్తన్నావా?"

"బూడిద సల్లింది నేను కాదు కదండీ," అంది సావిత్రి.

ఉమాపతి ముఖం ఎర్రబడింది. తాళం విప్పి విసవిసా షెడ్డుకు నడిచాడు.

కారు ఊరు దాటి తోటల మధ్య రోడ్డెక్కింది. ఉమాపతి గేర్లు మార్చి, గెలిచినవాడిలా తమ్ముడి వైపు చూశాడు. "సూసుకో. కాలు తీసినాను."

పాపారావు కిందికి చూశాడు. అన్న ఎడమకాలు పెడలు మీదే ఉంది.

"తీయలేదన్నయ్యా."

"తీసినానంటే నమ్మవా? నేల మీద ఉంది కాలు."

ఆ గొంతులో అబద్ధం లేదు. పాపారావుకు అది తెలిసింది. ఇంతవరకూ అన్న తప్పు దాస్తున్నాడనుకున్నాడు. మెల్లగా వంగి, అన్న పాదాన్ని చేత్తో పట్టుకున్నాడు. చెప్పు లేదు. పాదం చల్లగా ఉంది. వేళ్లకు ఏదో జిగటగా తగిలింది.

"అన్నయ్యా, కారు ఆపు."

"ఏటైంది?"

"ఆపు ముందు." కారు ఆగింది. పాపారావు వంగే ఉన్నాడు. "నేను నీ కాలు పట్టుకున్నాను. తెలుత్తందా?"

ఉమాపతి విసుగ్గా ఏదో అనబోయి ఆగాడు. కిందికి చూశాడు. తమ్ముడి చెయ్యి తన పాదం చుట్టూ బిగిసి ఉంది. అతను చూస్తున్నాడు కానీ, ఆ చెయ్యి ఇంకెవరి కాలినో పట్టుకున్నట్టుంది.

"గట్టిగా పట్టుకో," అన్నాడు మెల్లగా.

"గట్టిగానే పట్టుకున్నాను."

సావిత్రి దిగి ముందు తలుపు తీసింది. ఇద్దరూ కలిసి ఆ కాలు బయటికి తిప్పి చూశారు. అరికాల్లో గాజుపెంకు ముక్క లోతుగా దిగి ఉంది. చుట్టూ వాచి, చీము పట్టింది. పెడలు మీద రక్తపు మరక ఉంది. ఆ పెంకు ఎన్నాళ్ల నుంచి ఉందో ఉమాపతికి తెలియదు. నొప్పే తెలియలేదు.

తిరుగుదారిలో పాపారావు నడిపాడు. ఇంటి దగ్గర అప్పటికే ధర్మారావూ పెద్దలూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. తమ్ముడి భుజం పట్టుకుని దిగిన ఉమాపతి లోపలికి పోలేదు. వాళ్ల ముందే నిలబడ్డాడు.

"ధర్మారావూ, టెక్కలిలో నువ్వు సూసింది మా కారేనా? ఆనవాలు పట్టినావా?"

ధర్మారావు తడబడ్డాడు. "నల్లకారు బావా. మీదే అనుకున్నాను. దగ్గరికెల్లి సూడలేదు."

"సూడకుండా నువ్వు అన్నావు. అడక్కుండా నేను నమ్మినాను." ఉమాపతి పెద్దల వైపు తిరిగాడు. "మిమ్మల్ని పంపకాలకని పిలిసినాను. పంపకాల్లేవు. నా తమ్ముడు ఏ తప్పూ సెయ్యలేదు. బండి పాడుసేసింది నేనే. పాడుసేత్తన్నానని నాకు తెలవలేదు. ఈడికి తెలిసినా, నా పరువు పోతాదని నోరిప్పలేదు. మీ ముందు పిలిసి నింద ఎయ్యాలనుకున్నాను గనక మీ ముందే సెప్తన్నాను."

గుమ్మంలో నిలబడ్డ కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనూ బావగారిని ఏమనుకుందో ఆమెకు గుర్తొచ్చింది.

మర్నాడు అన్నను పాపారావు బరంపురం తీసుకెళ్లాడు. పెద్దాసుపత్రిలో ఒరియా డాక్టరుగారు మూత్రం పరీక్ష చేయించారు. గాజుముక్క తీసి కట్టు కట్టారు. చక్కెర జబ్బని, ముదిరి కాళ్లలో స్పర్శ పోయిందని తెలుగులోనే చెప్పారు. రోజూ ఇంజెక్షను తీసుకోవాలన్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే పాదం తీసెయ్యవలసి వచ్చేదన్నారు. చివరగా ఉమాపతిని బల్ల మీద పడుకోబెట్టారు.

"కళ్లు మూసుకోండి. సూదితో కాళ్ల మీద గుచ్చుతాను. తెలిసినప్పుడల్లా తెలిసిందని చెప్పండి."

ఉమాపతి కళ్లు మూసుకున్నాడు. చెవులు రిక్కించి, ఒళ్లంతా కాళ్లలోకే తెచ్చుకుని ఎదురుచూశాడు. పంకా తిరుగుతున్న చప్పుడు వినిపించింది. బయట ఎవరో ఒరియాలో ఎవరినో పిలిచారు. చాలాసేపటికి అతనే అడిగాడు.

"ఎప్పుడు గుచ్చుతారు బాబూ?"

ఉమాపతి కళ్లు తెరిచాడు. డాక్టరుగారు సూదిని పళ్లెంలో పెట్టేస్తున్నారు. రెండు పాదాల మీదా ఎర్రటి చుక్కలు వరసగా ఉన్నాయి. పక్కన నిలబడ్డ పాపారావు గోడ వైపు తిరిగిపోయాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"ఒరే పాపారావూ, ఇటు రా," అన్నాడు ఉమాపతి.

తమ్ముడు ముఖం తుడుచుకుని దగ్గరికి వచ్చాడు. ఉమాపతి అతని చెయ్యి అందుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కన్నీళ్లు చెంపల మీదుగా దిండు మీదికి జారాయి. ఆ తడి అతనికి బాగా తెలుస్తోంది.

"ఇది తెలుత్తందిరా," అన్నాడు ఆ చేతిని నొక్కుతూ. "సెయ్యి ఒగ్గీకు."

"ఒగ్గను అన్నయ్యా," అన్నాడు పాపారావు.